పాలెగాడి ఇంటి వాకిట్లో

తిరుపతి,
గంగజాతర ముగిసిన మూడో రోజు

నాయనా కిరణ్,

నీ నవల విన్నాను. చదివాను అనడానికి లేదు, పదకొండు ఫైళ్ళుగా నువ్వే చదివి ఫోనుకు పంపావు కదా, ఆ పదకొండూ రెండేసి సార్లు విన్నాను. కంటి శుక్లాల ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు పుస్తకం పట్టొద్దన్నారు. ఆ సంగతి గుర్తుపెట్టుకుని గొంతుతో పంపినందుకు ముందుగా నీకు నా ఆశీస్సులు.

నీ నవలకు ముందు మూడు వారాల పాటు ఇంకో పగ కథ విన్నాను. అలెగ్జాండర్ డ్యూమా రాసిన 'కౌంట్ ఆఫ్ మాంటీ క్రిస్టో'. కోడలు ఫోన్లో పెట్టిచ్చింది. కుదించకుండా మొత్తం చదివిన ప్రతి, దాదాపు 50 గంటలు. రోజూ సాయంత్రం వరండాలో మంచం వేసుకుని, కళ్ళు మూసుకుని వినేదాన్ని. బీఏలో ఉన్నప్పుడు కుదించిన ప్రతి చదివి, ఈ నవల నాకు తెలుసు అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను. తెలియదు. కుదించినవాళ్ళు దెబ్బకు దెబ్బ తీసిన చోట్లన్నీ ఉంచి, దెబ్బ తిన్నవాడు దాన్ని మోసిన కాలాన్ని తీసేశారు. నీ నవలలోనూ అదే జరిగింది. తేడా ఏమంటే దాన్ని వేరెవరో కుదించారు, నీదాన్ని రాసేటప్పుడే నువ్వు కుదించుకున్నావు.

లెక్క చెప్తాను, కోప్పడకు. నీ మొదటి ఫైల్లో నీ కథానాయకుడు సీను బెంగుళూరులో ఉంటాడు. ఫోనొస్తుంది, మీ నాయన్ను మండీ దగ్గర చంపేశారని. సీను బస్సెక్కుతాడు. ఆ చావు మొత్తం 40 సెకన్లు. ఆ చావుకు కారణమైన రంగయ్యను సీను చంపే ఘట్టం మాత్రం 22 నిమిషాలు. కంటితో చదివేవాడికి ఈ తేడా పట్టకపోవచ్చు, నాలుగు పేజీలు గబగబా తిప్పేసుకుంటాడు. వినేవాడు అట్లా తిప్పలేడు. నువ్వు ఎంతసేపు చెబితే అంతసేపూ వాడు అక్కడే కూర్చోవాలి. ఆ 22 నిమిషాల్లో నా వేలు రెండుసార్లు వేగం పెంచే మీట మీదికి పోయింది. నా మనవడైతే ఏ పుస్తకాన్నయినా ఒకటిన్నర వేగంలోనే వింటాడు. వినేవాడి వేలు ఆ మీట మీదికి ఎక్కడ పోతుందో, అక్కడ నీ కథ వాడికి పట్టడం లేదని అర్థం. రంగయ్య మెడ తెగుతుంటే నాకు ఏమీ అనిపించలేదు నాయనా. సీను వాళ్ళ నాయనతో నేను ఒక పూట కూడా గడపలేదు కదా, ఆయన కోసం నాకు కోపం ఎట్లా వస్తుంది?

డ్యూమా నవలలో ఒక ఘట్టముంది. 1815లో, పెళ్ళి విందులో కూర్చున్న ఎడ్మండ్ దాంతెస్‌ను పట్టుకుపోయి సముద్రం మధ్యలో కోట జైల్లో వేస్తారు. 14 ఏళ్ళు. తప్పించుకుని బయటపడ్డాక మతగురువు వేషంలో ఒక పాత పొరుగువాడి దగ్గరికి పోతాడు. వచ్చినవాడు ఎవరో ఆ పొరుగువాడికి తెలియదు. మాటల్లో దాంతెస్ తండ్రి సంగతి వస్తుంది. ముసలాయన దేనితో పోయాడని ఇతను అడుగుతాడు. ఆకలితో పోయాడంటాడు వాడు. దాంతెస్ లేచి నిలబడతాడు. వణికే చేత్తో పక్కనున్న గ్లాసులో నీళ్ళు ఒక్క గుక్కలో తాగి, మళ్ళీ కూర్చుంటాడు. అంతే. శపథం లేదు, పళ్ళు కొరకడం లేదు.

ఆ రోజు ఫోను ఆపి, లేచి నేనూ నీళ్ళు తాగొచ్చాను. కొడుకు కూడా ఆ చావును చూడలేదు, నాలాగే చెవితో విన్నాడు. అందుకే ఆ ఘట్టం వినేవాళ్ళకు ఇంకా దగ్గరగా వస్తుంది. ఆ గ్లాసెడు నీళ్ళే ఆ నవలను చివరిదాకా మోస్తాయి.

నీ దగ్గర అలాంటి గ్లాసు లేదా? ఉంది. నాలుగో ఫైల్లో, సీను వాళ్ళ నాయన తోతాపురి కాయల తూకం చీటీలు మడిచి చొక్కా జేబులో దాచుకునేవాడని ఒక్క మాట అని వదిలేశావు. కాటా దగ్గర మోసం జరుగుతోందని ఆయనకు తెలిసింది ఆ చీటీల వల్లే కదా. రాత్రి భోజనమయ్యాక లైటు కింద కూర్చుని, చీటీలు ఒక్కొక్కటే విప్పి, కూడి, మళ్ళీ కూడి, తలెత్తి పెళ్ళాన్ని చూసే ఒక మనిషిని నేను వినాలి. ఆ చీటీలు చివరికి ఎవరి చేతికి చేరాయో కూడా వినాలి. అప్పుడు రంగయ్య పేరు వినబడితే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది.

ఇదంతా ఫ్రెంచివాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సిన పని కాదు. మీ చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరుగుతుంది, చూసే ఉంటావు. పగలు హరికథ, రాత్రి నాటకం, చాలా ఊళ్ళలో 18 రోజులు. మా అవ్వకు అక్షరం రాదు. భారతమంతా ఆమెకు చెవి గుండానే వచ్చింది. ద్రౌపది వస్త్రాపహరణం నాడు హరికథ చెప్పే ఆయన తొందరపడేవాడు కాదు. మధ్యాహ్నం మొదలుపెడితే పొద్దు వాలేదాకా ఆ సభలోనే మమ్మల్ని కూర్చోబెట్టేవాడు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్ళు. చివరి రోజు పొద్దున మైదానంలో మట్టితో పెద్ద దుర్యోధనుణ్ణి పడుకోబెడతారు. భీముడి వేషగాడు వాడి తొడ విరగ్గొడతాడు, ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది. గద దెబ్బ ఎంతసేపు? క్షణం. ఆ క్షణానికి ఊరంతా అరిచిన అరుపు మాత్రం అన్ని రోజులుగా విప్పి ఉన్న ఆ జుట్టు నుంచి వచ్చింది. ఎవరి జుట్టు విప్పి ఉందో నీ మొదటి అధ్యాయంలోనే నాకు తెలియాలి.

ఇక నీ వాక్యం. కొడవలి ఎత్తే చోట ఇట్లా రాశావు: "ఎత్తాడు కొడవలి. తెగింది మెడ. చిమ్మింది నెత్తురు." సినిమా ట్రైలర్లు విని విని మన కుర్రవాళ్ళకు ఈ అలవాటు పట్టుకుంది. దీంతో చేతికున్న బంగారాన్ని పారేసుకుంటున్నావు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. "చీకట్లో తలుపు వారగా నిలబడిన సీను, చేతిలోని కొడవలిని, పడుకున్న రంగయ్య మెడ మీదికి" అని నువ్వు ఆగితే, దించాడో, దించలేకపోయాడో, ఎత్తడానికే చెయ్యి రాలేదో వినేవాడికి తెలియదు. ఊపిరి బిగబట్టి ఆ చివరి మాట కోసం చూస్తాడు. మన అమ్మ నుడిలోనే ఉత్కంఠ ఉంది నాయనా. క్రియను ముందుకు లాగి ముందే ఎందుకు చెప్పేస్తావు?

చిన్న చిన్న సంగతులు కూడా చెప్పేస్తాను. రంగయ్య, రమణయ్య, రాజన్న. కాగితం మీద ముగ్గురు మనుషులు, చెవికి ముగ్గురూ ఒకడే. ఇద్దరి పేర్లు మార్చు. ఇద్దరు మాట్లాడుకునే చోట ఎవరు అంటున్నారో తెలియక నేను చాలాసార్లు వెనక్కి పోయాను. కొటేషన్ గుర్తులు చెవికి వినబడవు. అట్లాగని ప్రతి మాటకూ 'అన్నాడు' తగిలించనక్కర లేదు, మాట తీరులోనే మనిషి తెలిసిపోవాలి. అధ్యాయం మొదట్లో చదివిన తేదీలు అయిదు నిమిషాల్లో మరిచిపోయాను. "మామిడి పూతకొచ్చిన నెల" అని ఉంటే మరిచిపోయేదాన్ని కాదు.

మాట తీరంటే ఇంకొకటి గుర్తొచ్చింది. ఆరో ఫైల్లో ఒకచోట నీ నాలుక జారింది. "వాడు అప్పుడే పూడ్సినాడు" అని చదివేసి, ఒక్క క్షణం ఆగి, గొంతు సవరించుకుని, "వాడు అప్పుడే వెళ్ళిపోయాడు" అని మళ్ళీ చదివావు. ఆ మొదటి మాట విన్నప్పుడు నా ప్రాణం లేచొచ్చింది. మండీలో మూటలు మోసే మనిషి 'వెళ్ళిపోయాడు' అంటాడా? నువ్వు నాకు ఫోను చేసినప్పుడు "యాడ ఉండారమ్మా" అంటావు కదా, ఆ నోటితోనే నీ మనుషుల్ని మాట్లాడించు. రేపు ఏ కంపెనీవాళ్ళయినా ఆడియో చేస్తామని వస్తే, చదివే మనిషికి మన చిత్తూరు యాస పలుకుతుందా లేదా అని ముందు అడుగు. పలకకపోతే నువ్వే చదువుతానని పట్టుబట్టు. నీ గొంతు బాగుంది. తొమ్మిదో ఫైల్లో ఎక్కడో గువ్వ కూసింది, దాన్ని తీసేయకు.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్తాను. ఈ వారం జాతర చూసి వచ్చాక ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నది అందుకే.

మా తిరుపతి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మ కథ నీకు తెలుసు. ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాడు అమ్మ చెయ్యి పట్టుకోబోతాడు. ఆమె అసలు రూపం చూసి పారిపోయి దాక్కుంటాడు. అమ్మ వేషాలు మారుస్తూ ఊరంతా వెతుకుతుంది. అందుకే జనం నామంకొమ్ము పూసుకుని బైరాగి, కుంకుమ పూసుకుని బండ, బొగ్గు పూసుకుని తోటి వేషాలు కడతారు. చివరికి గంధం పూసుకుని దొర వేషం. దొర వచ్చాడనుకుని పాలెగాడు బయటికొస్తాడు, అమ్మ తల నరుకుతుంది. డ్యూమా వింటున్నప్పుడు నాకు ఇదే గుర్తొస్తూ ఉండింది. దాంతెస్ కూడా మతగురువుగా, ఇంగ్లీషు ప్రభువుగా, చివరికి కౌంటుగా వేషాలు కట్టుకుంటూ శత్రువు గడప దాకా వస్తాడు.

దొర వేషంతో జాతర అయిపోదు కదా. మర్నాడు మాతంగి వేషం కడతారు. పాలెగాణ్ణి చంపిన ఆ అమ్మే వాడి భార్యను ఓదార్చడానికి వస్తుందని మా పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. చిన్నప్పుడు నాకు ఇది అర్థమయ్యేది కాదు. చంపిన చేతులతో పోయి ఓదార్చడమేమిటి అనుకునేదాన్ని. ఈసారి వీధిలో మాతంగి వేషం నా ముందు నుంచి పోతుంటే నీ నవల గుర్తొచ్చి అక్కడే ఆగిపోయాను.

దాంతెస్ కూడా అక్కడికే వస్తాడు. తనను జైలుకు పంపిన న్యాయాధికారి విల్‌ఫోర్ ఇల్లు కూలాక, అతని భార్యా, చిన్న కొడుకూ విషంతో చచ్చిపడి ఉంటారు. ఆ శవాలను చూపించి, నీ పగ తీరిందా అని విల్‌ఫోర్ అడుగుతాడు. దాంతెస్ ముఖం పాలిపోతుంది. హద్దు దాటానని అతనికి అప్పుడు తెలుస్తుంది. ఆఖరి శత్రువును చంపకుండా వదిలేస్తాడు. యాభై గంటల్లో నేను ఎక్కువ వణికింది ఆ పసివాడి శవం దగ్గరే. మన భారతంలో మాత్రం? తొడ విరిగిన రాత్రే అశ్వత్థామ నిద్రపోతున్న ద్రౌపది కొడుకుల్ని చంపుతాడు. జుట్టు ముడేసుకున్న ఆమే మళ్ళీ నేల మీద పడి ఏడుస్తుంది.

నీ తొమ్మిదో ఫైల్లో, రంగయ్య పడిపోయాక ఒక వాక్యముంది: "లోపల ఎవరో ఆడమనిషి అరిచింది." మరుక్షణం సీను బైకు ఎక్కుతాడు, అధ్యాయం మారుతుంది. ఆ అరుపు నా చెవిలో ఉండిపోయింది. ఆమె రంగయ్య భార్య అయి ఉంటుంది. మొదటిసారి వినేటప్పుడు ఆమె మళ్ళీ వస్తుందేమోనని పదో ఫైలూ, పదకొండో ఫైలూ కాచుకుని కూర్చున్నాను. రాలేదు. సీనును ఆ వాకిట్లోకి తిరిగి పంపు. క్షమాపణ అడగాలని నేననను, అడగకపోవచ్చు కూడా. గడప దగ్గర నిలబడతాడేమో, ఆమె మొహాన ఉమ్మేస్తుందేమో, ఎవరో తెలియక కూర్చోమని నీళ్ళిస్తుందేమో. రాస్తే గానీ నీకూ తెలియదు.

జూన్‌లో ఎండలు తగ్గాక ఒకసారి రా. ఈలోగా మొదటి అధ్యాయాన్నీ, ఈ వాకిలి ఘట్టాన్నీ మళ్ళీ రాసి, మీ అమ్మ ముందు కూర్చుని గట్టిగా చదువు. ఆమె ఎక్కడ పని ఆపి నీ వైపు చూసిందో అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకుని తీసుకురా.

రంగయ్య భార్యకు నీ నవలలో పేరు లేదు. ఆమె పేరేమిటో ఆలోచించి, ముందు ఆ ఒక్క మాట నాకు ఫోనులో చెప్పు.

మీ అమ్మకు నా మాటగా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
మీ టీచరమ్మ