దానమిచ్చిన పెద్దాయన పోయారు, కొడుకులు ఖాళీ చేయమంటున్నారు: మా సొసైటీ హాలు ఎవరిది?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఒక ఊరు. 1996లో కొందరు టీచర్లం, కళాకారులం కలిసి ఒక సొసైటీ రిజిస్టర్ చేయించాం. లైబ్రరీ నడుపుతాం, పదో తరగతి పిల్లలకు సాయంత్రం ట్యూషన్ చెప్తాం, ఆదివారాలు ఒగ్గు డోలు, కోలాటం, చిరుతల రామాయణం నేర్పిస్తాం. అన్నీ ఉచితమే. 1998లో ఊరి పెద్దాయన ఒకరు రోడ్డు పక్కన 400 గజాల జాగా సొసైటీకి దానం ఇస్తున్నానని తెల్ల కాగితం మీద రాసి, ముగ్గురు పెద్దమనుషుల సాక్షి సంతకాలతో ఇచ్చారు. రిజిస్ట్రేషన్ మాత్రం కాలేదు. చందాలతో హాలు, రెండు గదులు కట్టుకున్నాం. ఆయన చనిపోయారు. రోడ్డు వెడల్పయి ధర పెరిగాక కొడుకులు వచ్చి ‘ఆ కాగితం చెల్లదు, మీ సొసైటీ పాత చట్టం కింద పెట్టింది, ఆ చట్టమే రద్దయింది, ఖాళీ చేయండి, లేదా అద్దె కట్టండి’ అంటున్నారు. మా అధ్యక్షుడు ఎన్నో ఏళ్లుగా ఎన్నికలు పెట్టలేదు, ఇప్పుడేమో వాళ్ల దగ్గర ఐదు లక్షలు తీసుకుని వదిలేద్దాం అంటున్నారు. అమెరికాలో ఉన్న మా పాత విద్యార్థులు పైకప్పు బాగుచేయడానికి డబ్బు పంపుతామంటున్నారు, తీసుకోవచ్చా?

జవాబు: మేడం, ముందుగా ఒక్క మాట. ఈ జవాబు మొత్తం చదివి ఒక వకీలును కలిసే దాకా ఎవరూ ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు, అద్దె ఒప్పందం మీద అసలే పెట్టొద్దు. నెలకు వంద రూపాయల అద్దెకు ఒప్పుకున్నా మీరు కిరాయిదారు, వాళ్లు యజమానులు అని మీరే రాసిచ్చినట్టవుతుంది, ఆ తర్వాత ‘ఈ జాగా మాది’ అనే మాట కోర్టులో నిలవడం చాలా కష్టం. వాళ్ల నుంచి లీగల్ నోటీసు వస్తే ‘మీ నాన్నగారు వాడుకోమన్నారు కాబట్టి వాడుకుంటున్నాం’ అని మర్యాద కోసం కూడా జవాబు రాయకండి. ఎందుకో కింద చెప్తాను, మీ కేసు ప్రాణం అక్కడే ఉంది.

సొసైటీ రద్దయిందన్న మాటకు మీరు టెన్షన్ పడాల్సిన పని లేదు. 1996లో మన తెలంగాణ ప్రాంతంలో సొసైటీలు 1350 ఫస్లీ (ఫస్లీ అంటే నిజాం నాటి సంవత్సరాల లెక్క) నాటి చట్టం కింద రిజిస్టరయ్యేవి, మీ సర్టిఫికెట్ మీద ‘ఫస్లీ’ అని ఉండేది అందుకే. 2001లో వచ్చిన సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం దాన్ని రద్దు చేసింది నిజమే, కానీ అప్పటికే ఉన్న సొసైటీలను కొత్త చట్టం కింద రిజిస్టరైనట్టే లెక్కగట్టింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ కూడా అదే చట్టాన్ని కొనసాగించుకుంది. కాబట్టి మీ సొసైటీ బతికే ఉంది. పైగా 2001 చట్టం 18వ సెక్షన్ ప్రకారం రిజిస్టరైన సొసైటీ చట్టం దృష్టిలో ఒక వ్యక్తి, తన పేరు మీదే ఆస్తి ఉంచుకోవచ్చు, దావా వేయవచ్చు. సభ్యులు చనిపోయినా, మారినా సొసైటీ అలాగే ఉంటుంది.

ఇప్పుడు జాగా సంగతి. స్థిరాస్తిని దానం చేయాలంటే ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ కింద రిజిస్టర్డ్ పత్రం ఉండి తీరాలి, దాత సంతకం, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. మీ కాగితం మీద సాక్షులు ముగ్గురున్నా రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి ఆ కాగితంతో యాజమాన్యం మీకు రాలేదు. ఈ ఒక్క విషయంలో కొడుకులు చెప్పేది కరెక్టే. సాదా బైనామా లాగా దీన్ని రెగ్యులరైజ్ చేయించుకోవచ్చని ఊళ్లో ఎవరైనా చెప్తే నమ్మొద్దు, అది తెల్ల కాగితాల మీద కొనుక్కున్న వ్యవసాయ భూములకు పెట్టిన పద్ధతి, మీది దానం, పైగా కట్టడం ఉన్న జాగా.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. రిజిస్టర్ కాని పత్రం యాజమాన్యాన్ని రుజువు చేయడానికి పనికిరాకపోయినా, మీరు ఆ జాగాలో ఏ హోదాలో ఉన్నారో చూపించడానికి పనికొస్తుందని 1919లోనే ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ పాలనలో మన కేసుల ఆఖరి అప్పీలు కోర్టు) వరద పిళ్లై కేసులో చెప్పింది, మన కోర్టులు ఇప్పటికీ ఆ తీర్పును పాటిస్తున్నాయి. రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్‌లో కూడా ఆ వెసులుబాటు ఉంది. అంటే మీ కాగితంలో ఆ పెద్దాయన ‘సొసైటీకి దానంగా ఇచ్చేస్తున్నాను, ఇక నాకు గానీ నా వారసులకు గానీ హక్కు లేదు’ అనే అర్థంలో రాసి ఉంటే, 1998 నుంచి మీరు అక్కడ ఓనర్లుగానే కూర్చున్నారు తప్ప ఆయన దయతో కాదు. అలా బహిరంగంగా, తెంపు లేకుండా పన్నెండేళ్లు గడిస్తే అసలు యజమాని స్వాధీనం కోసం దావా వేసే గడువు దాటిపోతుంది, ఆ లెక్కన 2010కే దాటింది. దీన్నే ప్రతికూల స్వాధీనం అంటారు. ఇదివరకు దీన్ని ఎదుటివాళ్లు దావా వేస్తే అడ్డుకోవడానికి మాత్రమే వాడుకోవచ్చు అనేవాళ్లు, 2019లో రవీందర్ కౌర్ గ్రేవాల్ కేసులో సుప్రీంకోర్టు మీరే వాదిగా వెళ్లి యాజమాన్యం ప్రకటించమని కూడా అడగవచ్చని తేల్చింది.

అదే కాగితంలో ‘లైబ్రరీ కోసం వాడుకోవడానికి ఇస్తున్నాను’ అని ఉంటే మాత్రం వ్యవహారం తిరగబడుతుంది. అనుమతితో ఉన్నవాళ్లు ముప్పై ఏళ్లున్నా అనుమతితో ఉన్నట్టే, ప్రతికూల స్వాధీనం రాదు. అప్పుడు మిగిలే వాదన ఏమిటంటే, అనుమతి నమ్ముకుని సొంత ఖర్చుతో శాశ్వత కట్టడం కట్టిన వాళ్లను ఇష్టం వచ్చినప్పుడు బయటికి పొమ్మనకూడదు అనేది. అది కూడా బలమైనదే, కానీ దాంతో హాలు నిలుస్తుంది గానీ జాగా మీ పేరు మీదికి రాదు. ఈ రెండు వాదనలూ ఒకదానికొకటి అడ్డం పడతాయి కాబట్టి దావా ఎలా రాయాలన్నది ఆ కాగితం అసలు చూసిన వకీలే నిర్ణయించాలి. నోటీసుకు జవాబులో ‘వాడుకోమన్నారు’ అని రాయొద్దన్నది ఇందుకే.

ఒక ఖర్చు ముందే చెప్తాను, చాలామంది కోర్టు దాకా వెళ్లాక విని గుండె జారిపోతారు. స్టాంపు లేని కాగితాన్ని కోర్టు ఏ అవసరానికీ నేరుగా చూడదు. ముందు స్టాంపు డ్యూటీ, దానికి పది రెట్ల దాకా పెనాల్టీ కట్టాకే అది సాక్ష్యంలోకి వస్తుంది. చందాలు పోగుచేసేటప్పుడు ఈ లెక్క కూడా మనసులో పెట్టుకోండి.

ఈలోగా సాక్ష్యాలు జాగ్రత్త చేయండి. ఆ తెల్ల కాగితం ఒరిజినల్ ఎవరి దగ్గర ఉంది? అధ్యక్షుడి బీరువాలో ఉంటే మంచి మాటలతోనే ముందు దాని కాపీ, ఫొటో తీసుకోండి. హాలు కట్టినప్పటి చందా పుస్తకాలు, ఇటుక, సిమెంటు బిల్లులు, ప్రారంభోత్సవం ఫొటోలు, గోడకున్న శిలాఫలకం, గ్రామపంచాయతీ ఇంటి పన్ను రసీదులు, ఎన్పీడీసీఎల్ కరెంటు బిల్లులు అన్నీ ఒక చోటికి చేర్చండి. పన్ను రసీదు ఒక్కటే యాజమాన్యం ఇవ్వదు కానీ ఇన్నేళ్ల స్వాధీనాన్ని అది గట్టిగా చెప్తుంది. సాక్షి సంతకాలు చేసిన ముగ్గురిలో బతికున్న వాళ్లెవరో చూడండి, వాళ్ల వయసు కూడా మీ కేసులో ఒక గడువే. ఆ జాగా గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ల కోసం వదిలిన జాగాలో ఉందా, సర్వే నంబరు ఉన్న పట్టా భూమా అన్నది కూడా తేల్చుకోండి. గ్రామకంఠమైతే కొడుకుల దగ్గర కూడా పట్టా కాగితం ఉండదు, స్వాధీనానికే విలువ ఎక్కువ. పట్టా భూమి అయితే పాస్‌బుక్ ఎవరి పేరున ఉందో చూసి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ జాగా మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయించండి, ఇప్పటికే ఎవరికైనా రిజిస్ట్రేషన్ చేశారేమో తెలుస్తుంది.

వాళ్లు తాళం వేస్తామని బెదిరిస్తే సొసైటీ పేరు మీద శాశ్వత ఇంజంక్షన్ (మీ స్వాధీనానికి అడ్డు రావొద్దని కోర్టు ఇచ్చే ఉత్తర్వు) దావా వేసి, దాంతోపాటే తాత్కాలిక ఇంజంక్షన్ అడగండి. వాళ్లే ముందు కోర్టుకెళ్లి మీ మాట వినకుండా ఆర్డర్ తెచ్చుకుంటారని భయముంటే కేవియట్, అంటే మమ్మల్ని వినకుండా ఆర్డర్ ఇవ్వొద్దని కోర్టుకు ముందే ఇచ్చే అర్జీ వేయండి, తొంభై రోజులు పనిచేస్తుంది. ఒకవేళ నిజంగానే తాళం వేసేస్తే ఆరు నెలల్లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద దావా వేయాలి, అందులో ఓనర్ ఎవరన్న చర్చ లేకుండానే స్వాధీనం తిరిగి ఇప్పిస్తారు. ఆ ఆరు నెలలూ పెద్దమనుషుల పంచాయితీల్లో గడిచిపోనివ్వొద్దు.

కానీ దావా వేయాలంటే ఎవరు సంతకం పెట్టాలి? ఇక్కడే మీ రెండో సమస్య అడ్డం వస్తుంది. సొసైటీ తరఫున దావా వేసే వాళ్లకు కమిటీ తీర్మానం ఉండాలి, ఆ కమిటీ సరిగా ఎన్నికైనదై ఉండాలి. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి మీ మెమోరాండం, బైలాస్, చివరిసారి ఇచ్చిన కమిటీ జాబితా సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. ఎంతమంది సభ్యులు రాతపూర్వకంగా అడిగితే సర్వసభ్య సమావేశం పెట్టాలో బైలాస్‌లో రాసి ఉంటుంది. ఆ సంఖ్యలో సంతకాలు చేయించి అధ్యక్షుడికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆయన పెట్టకపోతే 2001 చట్టం 23వ సెక్షన్ కింద జిల్లా కోర్టులో దరఖాస్తు వేయవచ్చు, ఎన్నికలు పెట్టించమని, లెక్కలు చూపించమని అడగవచ్చు. చాలామంది రిజిస్ట్రార్ చుట్టూ నెలలకొద్దీ తిరుగుతారు, సభ్యుల మధ్య గొడవ తేల్చే అధికారం ఆయనకు లేదు, ఆయన కాగితాలు ఫైల్ చేసుకునే అధికారి. ఎన్నిక జరిగాక కొత్త కమిటీ జాబితా, ఇన్నేళ్ల బాకీ పత్రాలు మాత్రం అక్కడే దాఖలు చేయాలి.

ఇక ఐదు లక్షలకు వదిలేద్దామన్న మాట. అధ్యక్షుడికి ఆ హక్కు లేదు. అది ఆయన ఆస్తి కాదు, కమిటీ ఆస్తీ కాదు, సొసైటీది. ఆయన ఒక్కరే సంతకం పెడితే అది సొసైటీని కట్టిపడేయదని కొడుకులకు కూడా రాతపూర్వకంగా తెలియజేయండి. ఆయన మీద కోపం పెంచుకోమని నేను అనడం లేదు, ఇన్నేళ్లు ఒక్కరే బరువు మోసి అలసిపోయి ఉండవచ్చు. కానీ 1904లోనే హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టుకుని నిజాం పాలనలో తెలుగు పుస్తకం చదివిన ప్రాంతం మనది, ఒక ఊరి లైబ్రరీ అలసట వల్ల మూతపడితే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కోర్టుకు ముందు ఒక దారి గట్టిగా ప్రయత్నించమంటాను. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు ఇస్తే కేసు వేయకముందే ఇరువైపులా పిలిచి మాట్లాడతారు, ఫీజు ఉండదు. కొడుకులకూ దావా అంటే ఏళ్ల తరబడి ఖర్చు, పైగా కేసు నడుస్తున్న జాగా కొనడానికి ఎవరూ ముందుకు రారు. హాలుకు తండ్రి పేరు పెడతామని, వెనకవైపు ఖాళీ జాగాలో కొంత వదులుకుంటామని మీరు సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకుని వెళ్తే, కట్టడం ఉన్నంత మేర వాళ్లు రిజిస్టర్డ్ దానపత్రం రాసివ్వడానికి ఒప్పుకోవచ్చు. ఒప్పుకుంటే లోక్ అదాలత్ అవార్డు తీసుకోండి, దానికి డిక్రీ (కోర్టు తీర్పు) విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు. అవార్డుతో ఆగిపోకుండా దానపత్రం కూడా రిజిస్టర్ చేయించండి, అందులో తీసుకునేది సొసైటీ అని ఉండాలి, అధ్యక్షుడి పేరో కార్యదర్శి పేరో కాదు.

అమెరికా డబ్బు గురించి. పంపేవాళ్లకు ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే ఉండి, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు, సొసైటీ ఖాతాలోకి తీసుకుని రసీదు ఇవ్వవచ్చు, పాస్‌పోర్టు కాపీ ఒకటి ఫైల్‌లో పెట్టుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకున్న వాళ్లయితే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకు ఇచ్చే కార్డు) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఉద్యోగి ఇచ్చిన దానికి తోడుగా వాళ్ల కంపెనీ ‘మ్యాచింగ్’ కింద ఇచ్చే డాలర్లూ అంతే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ కావాలి, ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచ్‌లో ఖాతా తెరవాలి. అవేవీ లేకుండా తీసుకుంటే జైలు శిక్ష పడగల నేరం. ఊళ్లో ఉన్న బంధువు ఖాతాలో వేయించుకుని హాలుకు ఖర్చు పెడదామన్న ఆలోచన ఎవరైనా చెప్తే వెంటనే ఆపండి. ముందు పాస్‌పోర్టు మారని పిల్లల డబ్బుతో కప్పు పని మొదలుపెట్టండి, బిల్లులన్నీ సొసైటీ పేరున తీసుకోండి, రేపు స్వాధీనం రుజువు చేసేటప్పుడు అవి కూడా పనికొస్తాయి.

ఆ తెల్ల కాగితం, మీ బైలాస్, ఈసీ ఈ మూడూ పట్టుకుని హనుమకొండలో సివిల్ కేసులు చూసే వకీలు ఎవరినైనా ఈ నెలలోనే కలవండి.