క్లాసిక్ నవలల క్వియర్ రీటెల్లింగులు: ఏది ముందు చదవాలి?

‘గ్రేట్ గాట్స్‌బీ’ లాంటి పాత నవలల్ని గే, ట్రాన్స్ టీనేజర్ల కథలుగా తిరగరాస్తున్నారట, అవి చదవదగ్గవేనా, ముందు అసలు నవల చదవాలా, పదిహేడేళ్ళ మా చెల్లికి ఇవ్వొచ్చా అని అడిగారు. చదవదగ్గవే, ఇవ్వొచ్చు కూడా. కాకపోతే అన్నీ ఒక స్థాయిలో ఉండవు. హీరోయిన్ పేరు తీసేసి అక్కడ అబ్బాయి పేరు పెట్టినంత మాత్రాన అది కొత్త కథ అయిపోదు. పాత నవలలోనే ఎక్కడో దాగి ఉన్న భయాన్నో, రహస్యాన్నో పట్టుకుని అక్కణ్ణుంచి కదిలితేనే నాకు నచ్చుతుంది.

ఒక్కటే చదువుతానంటే ఆనా-మేరీ మెక్‌లెమోర్ రాసిన ‘సెల్ఫ్-మేడ్ బాయ్స్’ (2022) చదవండి. అమెరికాలో 2021లో మొదలైన ‘రీమిక్స్‌డ్ క్లాసిక్స్’ అనే సిరీస్‌లోది ఇది, ఆ సిరీస్‌లో ఒక్కో క్లాసిక్‌ని ఒక్కో రచయిత తీసుకున్నారు. ఇందులో నిక్, విస్కాన్సిన్ నుంచి న్యూయార్క్ వచ్చిన లాటినో ట్రాన్స్ అబ్బాయి, అంటే పుట్టినప్పుడు అమ్మాయి అనుకున్నా నిజానికి అబ్బాయి. అతని కజిన్ డైసీ తన మూలాలు దాచి తెల్లమ్మాయిగా చలామణీ అవుతుంటుంది. గాట్స్‌బీ కూడా ట్రాన్సే. ఇది బలవంతంగా అతికించినట్టు ఎందుకు ఉండదంటే, ఫిట్జ్‌జెరాల్డ్ 1925లో రాసిన గాట్స్‌బీయే పదిహేడేళ్ళప్పుడు జేమ్స్ గాట్జ్ అన్న పేరు వదిలేసి, తనకి నచ్చిన పేరూ తనకి నచ్చిన మనిషీ తనే తయారుచేసుకున్నవాడు. ట్రాన్స్ పిల్లలకి ఆ కథ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకొకటి కూడా ఉంది. అసలు నవల రెండో అధ్యాయం చివర్లో నిక్, మెకీ అనే ఫొటోగ్రాఫర్‌తో కలిసి లిఫ్టులో దిగుతాడు, ఆ తర్వాత కాసేపటికే నిక్ అతని మంచం పక్కన నిలబడి ఉంటాడు, మెకీ లోదుస్తులతో దుప్పట్లో కూర్చుని ఉంటాడు, మధ్యలో ఏం జరిగిందో రచయిత చెప్పడు. నేను ఎం.ఏ. చదివేటప్పుడు మా క్లాసులో ఆ పేజీ దగ్గర ఎవరూ ఆగలేదు. నేను గే అని అప్పటికి ఇంట్లోగానీ స్నేహితుల దగ్గరగానీ చెప్పుకోలేదు, అందుకే ఆ నాలుగు వాక్యాలు ఎన్నిసార్లు చదివానో, అందులో నాకు కనిపించింది నిజంగా ఉందా లేక నేనే ఊహించుకుంటున్నానా అని ఎవరినీ అడిగే ధైర్యం లేదు. మెక్‌లెమోర్ పుస్తకం చదివినప్పుడు ఆ ప్రశ్న నా ఒక్కడిదే కాదని తెలిసింది, నిజంగా ఏడుపొచ్చింది.

‘జేకిల్ అండ్ హైడ్’ని కేలిన్ బేరన్ ‘మై డియర్ హెన్రీ’ (2023)గా రాసింది. కథ 1885 లండన్‌లో నడుస్తుంది, ఆ సంవత్సరం ఊరికే ఎంచుకున్నది కాదు. మగవాళ్ళ మధ్య ఏ రకమైన లైంగిక సాన్నిహిత్యాన్నైనా, నాలుగు గోడల మధ్య జరిగినా సరే, నేరం చేసే చట్టం ఇంగ్లండ్‌లో వచ్చింది అప్పుడే. బ్లాక్‌మెయిల్ చేసేవాళ్ళకి అది వరమైంది. స్టీవెన్‌సన్ అసలు నవల 1886 జనవరిలో వచ్చింది, అందులో లాయర్ అటర్సన్ కూడా తన స్నేహితుడు జేకిల్‌ని హైడ్ బ్లాక్‌మెయిల్ చేస్తున్నాడనే అనుమానిస్తాడు. కొత్త కథలో గేబ్రియల్ (అంటే అటర్సన్), హెన్రీ (అంటే జేకిల్) మధ్య సంబంధం మీద పుకార్లు లేచి ఇద్దర్నీ మెడికల్ స్కూల్ నుంచి పంపించేస్తారు, రెండేళ్ళ తర్వాత గేబ్రియల్ తిరిగొచ్చేసరికి హెన్రీ ముఖం తిప్పుకుంటాడు. మనకి ఇది ఎక్కడో దూరపు చరిత్ర కాదండీ. అదే బ్రిటిష్ వాళ్ళు 1860 నాటి ఐపీసీలో పెట్టిన సెక్షన్ 377, ఇద్దరి ఇష్టంతో జరిగే స్వలింగ సంబంధాన్ని కూడా నేరంగా చూసింది, సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న ఆ భాగాన్ని కొట్టేసింది. ఎవరికైనా తెలిస్తే ఎలా అన్న టెన్షన్‌తో పెరిగినవాళ్ళకి గేబ్రియల్ ఎందుకు అంత ఆచితూచి మాట్లాడతాడో వెంటనే అర్థమవుతుంది.

జేన్ ఆస్టిన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ని గేబ్ కోల్ నొవోవా ‘మోస్ట్ ఆర్డెంట్లీ’ (2024)గా రాశాడు, ఇందులో హీరోయిన్ ఎలిజబెత్ బెన్నెట్ నిజానికి ఆలివర్ అనే ట్రాన్స్ అబ్బాయి. అసలు నవలలో అక్కర్లేని పెళ్ళి అంటే నచ్చని మొగుడు, ఇక్కడ పెళ్ళి అంటే జీవితాంతం ఇంకొకరిలా బతకడం, అక్కడ కథ బరువెక్కింది. కానీ హీరో డార్సీ మరీ మెత్తబడిపోయాడు, ఆస్టిన్ మాటల్లోని కారం తగ్గింది. సాహసం కావాలంటే సి.బి. లీ రాసిన ‘ఎ క్లాష్ ఆఫ్ స్టీల్’, ట్రెజర్ ఐలండ్‌ని 1826 నాటి దక్షిణ చైనా సముద్రానికి తీసుకెళ్ళి ఇద్దరమ్మాయిల కథ చేసింది, హాయిగా చదివిస్తుంది.

క్లాసిక్‌ని పాడు చేస్తున్నారని కోప్పడేవాళ్ళుంటారు. ఓల్గా ‘విముక్త’లో సీతనీ శూర్పణఖనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించింది, దానికి సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చింది, రామాయణానికేమీ కాలేదు. గాట్స్‌బీకీ ఏమీ కాదు.

వరుస విషయానికొస్తే గాట్స్‌బీ, జేకిల్ అసలు నవలలు ముందు చదవండి, రెండూ చిన్నవే, తెలిసి చదివితే కొత్తవాటిలో చాలా కనిపిస్తాయి. ఆస్టిన్‌ది తర్వాతైనా ఫర్వాలేదు, సినిమా చూసినా చాలు. మీ చెల్లికి ఇచ్చేటప్పుడు మాత్రం ఇది ఎందుకిస్తున్నానో తెలుసా అని అడగొద్దు, నచ్చిందా అని అడగండి, గేబ్రియల్ గురించో నిక్ గురించో మాట్లాడండి. తన గురించి చెప్పుకునేదేమైనా ఉంటే ఎప్పుడు చెప్పాలో తనే చూసుకుంటుంది, లేకపోయినా మంచి నవల చదివినట్టే కదా.