కుక్క నోరు మూసుకున్న క్షణం

ప్రియమైన తమ్ముడికి,

నీ నవల రాతప్రతి రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒక్క రాత్రిలో అయిపోయింది. చదివించే శక్తి నీకుంది, దాని గురించి దిగులు పెట్టుకోకు. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. ఈ ఉత్తరం ఆ గీతల గురించే.

రిటైరైన హవల్దారు, అతని బెల్జియన్ మాలినోయిస్ జాతి కుక్క, డ్రోన్లు, కుక్క వీపు మీద కెమెరా. సరంజామా అంతా బాగా కుదిరింది. కానీ అన్నీ చెప్పినట్టు పనిచేస్తున్నాయి, కుక్కతో సహా. అందుకే నాకు టెన్షన్ పుట్టలేదు.

మూడో అధ్యాయమే చూడు. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు, ములుగు అడవి. అరగంట పరుగెత్తిన కుక్క అదే ఊపులో మందుపాతర వాసన పట్టేసింది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ ఒంటిని చల్లబరుచుకుంటుంది. అలా రొప్పుతున్నంతసేపూ దాని ముక్కు పదును తగ్గుతుంది. ఈ ఒక్క విషయం తెలిస్తే ఆ అధ్యాయంలో టెన్షన్ కోసం నీ హ్యాకర్ అవసరమే లేదు, ఎండ చాలు.

ఒకసారి పోలీసు డాగ్ స్క్వాడ్ ప్రాక్టీసు దగ్గర నిలబడి చూశాను. వరసగా పెట్టెలు పెట్టారు. కుక్క నోరు తెరుచుకుని, తోక ఊపుకుంటూ ఒక్కొక్కటే దాటుతోంది. నాలుగో పెట్టె దగ్గర వాసన తగిలి ఠక్కున నోరు మూసుకుంది. గొలుసు పట్టుకున్నాయన కూడా ఊపిరి బిగబట్టాడు. అది నెమ్మదిగా కూర్చుంది. కూర్చుని పెట్టె వైపు చూడలేదు, ఆయన ప్యాంటు జేబు వైపు చూసింది. అందులో బంతి ఉంది.

తమ్ముడూ, నీ నవల మొత్తం ఆ జేబులో ఉంది. కుక్కకు దేశం తెలియదు, ఆపరేషన్ తెలియదు. దానికి అది ఆట. గెలిస్తే బంతి, తన మనిషి మెచ్చుకోలు. తను పంపే గదిలో తుపాకీ ఉందని తెలిసినవాడు మనిషి ఒక్కడే. తెలిసి కూడా గొలుసు విప్పుతాడు. 2022 అక్టోబరులో అనంతనాగ్ జిల్లాలో జూమ్ అనే ఆర్మీ కుక్కను ఉగ్రవాదులు దాక్కున్న ఇంట్లోకి పంపారు. తూటాలు తగిలినా వెనక్కి తగ్గలేదు. శ్రీనగర్‌లో చికిత్స పొందుతూ 13న చనిపోయింది. మనం దాన్ని వీరమరణం అంటాం, అనాలి కూడా. కానీ గొలుసు విప్పిన చెయ్యి ఆ రాత్రి ఏం చేసిందన్నది నవలాకారుడి పని. నీ హీరో ఒక్కచోట కూడా తన చేతుల వైపు చూసుకోలేదు.

నువ్వు కథ పెట్టిన చోటే జరిగిన సంగతి ఇంకొకటి చెబుతాను. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల్లో కూంబింగ్ జరిగింది. సీఆర్పీఎఫ్ కుక్క రోలో వయసు రెండేళ్లు, పేలుడు పదార్థాలు పసిగట్టడం దాని పని. దాని మీద పడ్డది తేనెటీగల గుంపు. హ్యాండ్లర్లు పాలిథిన్ షీటు కప్పారు. ఈగలు లోపలికి దూరాయి. మంట తట్టుకోలేక అది షీటులోంచి బయటికి వచ్చేసింది. దాదాపు 200 ఈగలు కుట్టాయి. ఆస్పత్రికి తీసుకెళ్తుండగానే ప్రాణం పోయింది. ఆ షీటు గురించి చదివినప్పటి నుంచి నాకు అది కళ్లముందు నుంచి పోవడం లేదు. కాపాడదామని కప్పిన చేతులవి. నీ విలన్ సర్వర్ రూమ్ ఇరవై పేజీలు వర్ణించావు. అడవికి రెండు పేజీలే ఇచ్చావు.

చిన్న లెక్క ఒకటి తప్పింది. పదిహేడేళ్ల సర్వీసంతా ఒకే కుక్కతో నడిపావు. కుక్క ఎనిమిది, తొమ్మిదేళ్లకే ముసలిదైపోతుంది. అంటే ఇప్పుడు ఆయన ఇంట్లో ఉన్నదానికి ముందు మరొకటి ఉండి ఉండాలి. అది ఏమైంది? ఆయన దాని పేరు ఎందుకు ఎత్తడు? ఇక్కడ నీకు పెద్ద కథే దొరుకుతుంది.

ఇక నీ నవలలోని రోబో కుక్క. 2025 జనవరి 15న పుణేలో ఆర్మీ డే పరేడ్‌లో అవి నడిచాయి, కాబట్టి నీది గాలి ఊహేం కాదు. అయితే రోబోకీ కుక్కకీ కుస్తీ పెట్టకు. రోబోను పంపిన రాత్రి ఆయన నిశ్చింతగా నిద్రపోతాడు. ఆ నిద్ర ఆయనకు ఊరటో, ఇంకో రకం బాధో నువ్వే తేల్చు.

మాట గురించి కూడా ఒకటి. అన్నిచోట్లా ‘జాగిలం’ అన్నావు. అది పేపరు వాళ్ల మాట. కలిసి పడుకుని, కలిసి తిన్నవాడు పేరు పెట్టి పిలుస్తాడు, కోపం వస్తే ‘ఒసేయ్’ అంటాడు. నీ హీరోది తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరం అని రాశావు కదా, ఒకసారి ఆ ఊరు వెళ్లు. అరుగుల మీద కూర్చున్న పెద్దవాళ్లను యుద్ధం గురించి అడగొద్దు. సెలవు మీద ఇంటికొచ్చిన మొదటి రాత్రి నిద్ర పట్టిందా అని అడుగు.

మూడో అధ్యాయం మళ్లీ రాసి పంపు. తెల్లవారుజామున మొదలుపెట్టు. ఎండ ముదురుతోంది, కుక్క రొప్పడం మొదలైంది, ముందు ఇంకా కిలోమీటరు దారి ఉంది. ఆయన జేబులో బంతి ఉంది. గొలుసు ఇంకా విప్పలేదు.

ప్రేమతో,
నీ అన్నయ్య