మా అన్నయ్యది పొగరా, రోగమా?

ప్రశ్న: మా అన్నయ్యకు 34 ఏళ్లు. పల్నాడులో ఎరువులు, పురుగుమందుల దుకాణం నడుపుతాడు. నెమ్మదస్తుడు, నలుగురిలో గొంతెత్తే మనిషి కాదు. అలాంటివాడు పన్నెండు రోజులుగా రాత్రిళ్లు రెండు గంటలకు మించి పడుకోవడం లేదు. కృష్ణా, గోదావరి నీళ్ల లెక్క తనకొక్కడికే తెలుసట. తనను పిలిచి పదవి ఇవ్వకపోతే రాష్ట్రం ఎండిపోతుందట. ముఖ్యమంత్రికి రోజూ ఉత్తరాలు రాస్తున్నాడు. అడిగినవాళ్లకల్లా దుకాణంలో సరుకు ఊరికే ఇచ్చేస్తున్నాడు. వద్దంటే వదిన మీద విరుచుకుపడుతున్నాడు. రెండేళ్ల కిందట మూడు నెలలపాటు ఎవరితోనూ మాట్లాడకుండా మంచం దిగలేదు, తర్వాత తనే తేరుకున్నాడు. మళ్లీ డల్‌గా ఉన్నాడని కిందటి నెల ఒక డాక్టరు డిప్రెషన్ మాత్రలు రాశారు. బంధువు ఒకాయన ఇది ‘మెగలోమేనియా’ అన్నారు. ఊళ్లోవాళ్లు డబ్బు పొగరంటున్నారు. ఆ మాటకు అర్థమేమిటి? ఇది జబ్బేనా?
– ఒక సోదరి

జవాబు: జబ్బేనమ్మా. ఈ వారంలోనే సైకియాట్రిస్టుకు చూపించాల్సిన జబ్బు. మాట సంగతి తర్వాత చెబుతాను, ముందు ఒక పని చేయండి. కిందటి నెల మాత్రలు రాసిన డాక్టరుకు ఈ రోజే ఫోన్ చేసి, మీరు నాకు రాసిందంతా చెప్పండి. డిప్రెషన్ మాత్రలు కొందరిలో మనసును దిగులు కొస నుంచి ఉద్రేకం కొసకు విసిరేస్తాయి. ఆపాలా, ఎలా ఆపాలన్నది ఆయన చెప్పాలి.

ఇక ఆ మాట. మెగా డీఎస్సీ, మెగా జాబ్ మేళా అంటాం చూడండి, ఆ ‘మెగా’యే ఇది. గ్రీకులో పెద్ద అని అర్థం. ‘మేనియా’ అంటే ఉన్మాదం. తానొక మహా వ్యక్తినన్న ఉన్మాదమే మెగలోమేనియా. 19వ శతాబ్దంలో ఐరోపా డాక్టర్లు దీన్ని రోగం పేరుగానే వాడారు. ఇప్పుడు వైద్యంలో ఆ పేరు పోయింది. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితా ఐసీడీ-11లో ఆ పేరుతో జబ్బే లేదు. పేపర్లలో ఫలానా నాయకుడిని మెగలోమేనియాక్ అని రాస్తే అది తిట్టు, అంతే. నేనైతే కేస్‌షీటులో ఆ మాట రాయను. ‘గ్రాండియోస్ డెల్యూజన్’ అని రాస్తాను, అంటే తన గొప్పతనం గురించిన భ్రాంతి.

అదీ జబ్బు పేరు కాదు, లక్షణం. జ్వరంలాంటిది. జ్వరం మలేరియాలోనూ వస్తుంది, టైఫాయిడ్‌లోనూ వస్తుంది. ఈ భ్రాంతి మనసు ఒకసారి దిగులుకు, ఒకసారి అతి ఉద్రేకానికి ఊగే బైపోలార్ జబ్బులో, లేనివి ఉన్నట్టు తోచే స్కిజోఫ్రీనియాలో, ఒక్కోసారి స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లలో, థైరాయిడ్ ఎక్కువైనవాళ్లలో కూడా కనిపిస్తుంది. ఒకప్పుడు ఐరోపా పిచ్చాసుపత్రుల్లో తాము చక్రవర్తులమని, కోటీశ్వరులమని చెప్పుకునే రోగుల్లో చాలామందికి ఉన్నది ముదిరిన సిఫిలిస్ అనే సుఖవ్యాధి. ఆ క్రిమిని వాళ్ల మెదడులోనే కనిపెట్టింది 1913లో. వాళ్లకు కావాలని మలేరియా జ్వరం ఎక్కించి నయం చేయబోయిన ఆస్ట్రియా డాక్టరు వాగ్నర్-యౌరెగ్‌కు 1927లో నోబెల్ బహుమతి వచ్చింది. పెన్సిలిన్ వచ్చాక ఆ బాధ తప్పింది. పొగరనుకున్నది క్రిమి పని అయినప్పుడు, రక్తపరీక్షలు లేకుండా ఎవరి గుణం మీదా తీర్పు చెప్పకూడదని నా ఉద్దేశం.

మరి పొగరును ఎలా పోల్చుకోవాలి? గొప్పలు పోయేవాడు, బిల్డప్ ఇచ్చేవాడు ఎదుటివాడి మొహం చూసి కోస్తాడు. నమ్మడంలేదని తెలిస్తే మాట మారుస్తాడు. ఊరంతా ఎగతాళి చేసినా సరుకు మాత్రం ఊరికే ఇవ్వడు! మీ అన్నయ్య సొంత నష్టం కూడా చూసుకోవడం లేదు. పైగా పొగరుబోతు పదేళ్ల కిందటా పొగరుబోతే. నెమ్మదస్తుడు పన్నెండు రోజుల్లో మారిపోయాడంటే అది స్వభావం కాదు. జాతరలో పూనకం వచ్చినవాళ్లను కూడా మేం రోగులనం. చుట్టూ ఉన్నవాళ్లకు అది ఆచారం, జాతరతోపాటు అదీ దిగిపోతుంది.

నిద్ర తగ్గినా అలుపు లేకపోవడం, చేతికి ఎముక లేనట్టు పంచిపెట్టడం, చిరాకు, ఇవన్నీ వారం దాటి ఉండటం, అంతకుముందు మూడు నెలల దిగులు. ఇవన్నీ కలిపి చూస్తే నాకు బైపోలార్ జబ్బులోని ‘మేనియా’ దశ అనిపిస్తోంది. మనిషిని చూడకుండా ఖాయంగా చెప్పను. చూసే డాక్టరుకు రెండేళ్ల కిందటి సంగతి తప్పక చెప్పండి, చాలా ఇళ్లలో అదే మరిచిపోతారు.

నీళ్ల లెక్కల మీద ఆయనతో వాదించకండి, అలాగని ఔనౌననీ అనకండి. ‘నిద్ర లేక కళ్లు లోపలికి పోయాయి అన్నయ్యా, నిద్రకు మందు రాయించుకుందాం రా’ అనండి. నా అనుభవంలో ‘నీకు పిచ్చి’ అంటే రానివాళ్లు ‘నిద్ర’ అంటే వస్తారు. దుకాణం తాళాలు, చెక్‌బుక్, బండి తాళం వదిన దగ్గర ఉండాలి. ఎంతకూ రానంటే, లేక చేయిచేసుకునేదాకా వస్తే, 14416కు ఫోన్ చేయండి. మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే టెలి-మానస్ ఫోన్ సేవ అది, తెలుగులో మాట్లాడతారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, నామినేటెడ్ ప్రతినిధి (రోగి తరఫున నిలబడే మనిషి) దరఖాస్తు చేసి, ఇద్దరు నిపుణులు విడివిడిగా చూసి అవసరమంటే, ఆయన ఒప్పుకోకపోయినా 30 రోజుల వరకు ఆసుపత్రిలో ఉంచి వైద్యం చేయవచ్చు.

మందులతో ముందు నిద్ర దారికొస్తుంది, భ్రాంతి దిగడానికి వారాలు పట్టవచ్చు. మనసు ఊగిసలాటను అదుపులో ఉంచే లిథియం మందు రాస్తే కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు, రక్తంలో మందు మోతాదు పరీక్ష మానకండి. మీ పల్నాడు ఎండల్లో ఒంట్లో నీరు తగ్గినా, విరేచనాలైనా ఆ మోతాదు ప్రమాదకరంగా పెరుగుతుంది. ఒళ్లునొప్పులని మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వేసుకున్నా అంతే. చేతులు వణికినా, తూలినా వెంటనే తీసుకెళ్లండి.

ఆ ఉత్తరాలు దొరికినన్ని దాచి డాక్టరుకు చూపించండి. తేరుకున్నాక మాత్రం ఆ కట్ట ఆయన కంట పడనివ్వకండి. అప్పుడు ఆయనకు కలిగే సిగ్గు ఈ జబ్బంత బరువుగానే ఉంటుంది.