రగ్బీ ప్రశ్నోత్తరాలు: ముందు వరుసలో మెడ, ఒప్పందంలో షరతులు

ప్రశ్న: మా అబ్బాయికి 18 ఏళ్లు, బరువు 114 కిలోలు. క్లబ్ అకాడమీలో, స్క్రమ్‌లో (రెండు జట్ల నుంచి ఎనిమిదేసి మంది వంగి ఎదురెదురుగా నెట్టుకునే చోట) చివర ఉండే నంబర్ 8గా ఆడుతున్నాడు. ముందు వరుసలో కుడివైపు నిలిచే టైట్‌హెడ్ ప్రాప్‌గా మారితే ప్రొఫెషనల్ కాంట్రాక్టు దొరుకుతుందని కోచ్ అంటున్నారు. మెడకి ప్రమాదమేమోనని మా భయం. ఒప్పుకోవచ్చా?

జవాబు: కోచ్ మాటలో నిజముంది. మంచి టైట్‌హెడ్‌లకి ఎప్పుడూ కరువే. పెద్ద స్థాయి మ్యాచ్‌కి 23 మందిని ఎంపిక చేస్తే అందులో ఆరుగురు ముందు వరుస వాళ్లే ఉండాలి. శిక్షణ లేనివాణ్ణి ఆ చోట నిలబెట్టడానికి వీల్లేదు. కానీ ఈ స్థానంలో ఆటగాడు పండటానికి ఏళ్లు పడుతుంది. అంచున పరుగెత్తే వింగర్ ఇరవై ఏళ్లకే మెరవొచ్చు. టైట్‌హెడ్ చాలాసార్లు పాతిక దాటాకే కుదురుకుంటాడు. అంత ఓపిక మీ ఇంట్లో ఉందా అన్నది ముందు చూసుకోండి.

ఇక మెడ సంగతి. ముందు వరుసలో ఎడమవైపు నిలిచే లూజ్‌హెడ్ తలకి ఒక పక్క ఖాళీ ఉంటుంది. టైట్‌హెడ్ తల మాత్రం ఎదుటి లూజ్‌హెడ్‌కీ, వాళ్ల వరుస మధ్యలో ఉండే హుకర్‌కీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. రెండు వైపుల నుంచీ వచ్చే ఒత్తిడిని తట్టుకుని స్క్రమ్ కుడిభాగాన్ని కదలకుండా నిలబెట్టడమే అతని పని. రెఫరీ ‘క్రౌచ్, బైండ్, సెట్’ (వంగండి, పట్టుకోండి, కలవండి) అని పిలిచే వరస 2013లో వచ్చింది. దూరం నుంచి దూకి ఢీకొట్టకుండా, ముందు పట్టు కుదుర్చుకున్నాకే కలవాలన్నది దాని ఉద్దేశం. అందుకే ‘బైండ్’ దగ్గర జరిగే పనే అన్నిటికన్నా ముఖ్యం.

టైట్‌హెడ్ కుడిచెయ్యి ఎదుటివాడి ఎడమ భుజానికి బయటి నుంచి వెళ్లి, జెర్సీని వీపు మీదో పక్కనో పట్టుకోవాలి. కొత్తవాళ్లు చెయ్యి పూర్తిగా చాచకుండా దగ్గర్లో ఉన్న చేతినో చొక్కా చేతినో పట్టేస్తారు. రెండు సెకన్లలో మోచెయ్యి నేలవైపు వాలుతుంది, దాంతో ఎదుటివాడు కిందికి లాగబడతాడు, స్క్రమ్ కూలుతుంది, పెనాల్టీ పడుతుంది. గోల్ దగ్గర్లో అయితే మూడు పాయింట్లు పోయినట్టే. మోచెయ్యి పైకి, బయటికి ఉందా లేదా అన్నది కోచ్ పక్కనుంచి తీసిన వీడియోలో చూపించాలి. రెండో తప్పు నడుముది. భుజాలు నడుము కన్నా కిందికి పోకూడదని నియమమే ఉంది. అలిసిపోయిన కుర్రాడి పాదాలు బాగా వెనక్కి జారి, మోకాళ్లు నిటారై, నడుము లేస్తుంది. బరువంతా మెడ మీదికి వచ్చేది అప్పుడే. పాదాలు భుజాల వెడల్పున, మోకాళ్లు వంగి, వీపు బల్లలా ఉండాలి.

మారడానికి ఒక సీజన్ తీసుకోండి. ముందు స్క్రమ్ మెషీన్ మీద భంగిమ, తరవాత ఒకరితో ఒకరు, ఆపైన ముగ్గురితో ముగ్గురు, అయిదుగురు, చివర్లో ఎనిమిది మంది. మధ్యలో ఏ మెట్టూ దాటెయ్యకండి. మెడకి వ్యాయామం వారానికి మూడు రోజులు, ముందు, వెనక, రెండు పక్కలు, ఒక్కో వైపు అయిదు నుంచి పది సెకన్ల పట్టు, మూడు విడతలు. జతగాడి చెయ్యి నెమ్మదిగా ఒత్తాలి, కుదపకూడదు. అండర్ 19లో స్క్రమ్‌ని మీటరున్నర కన్నా ముందుకి నెట్టనివ్వరు కాబట్టి నేర్చుకోవడానికి ఇదే మంచి వయసు. ఒక చెయ్యి తిమ్మిరెక్కినా మంటగా ఉన్నా ఆ రోజుకి ఆట ఆపేసి డాక్టరుకి చూపించాలి. రెండు చేతులూ తిమ్మిరెక్కితే పడ్డచోటే కదలకుండా ఉంచి వైద్య సిబ్బందిని పిలవాలి. లేపి కూర్చోబెట్టే సాయం అస్సలు చెయ్యకండి.

ప్రశ్న: నాకు 27 ఏళ్లు, ఫ్లాంకర్‌ని (స్క్రమ్‌కి పక్కన ఉండే ఆటగాణ్ణి). ఫ్రాన్స్ రెండో డివిజన్ ప్రో డి2 క్లబ్ ఒక్క సీజన్‌కి పిలుస్తోంది. ఏజెంట్ జీతం అంకె మాత్రమే చెబుతున్నాడు. ఏమేం అడగాలి?

జవాబు: జీతం కన్నా ముందు తేదీలు చూడండి. అక్కడ సీజన్ ఒప్పందం జూన్ 30తో ముగుస్తుంది. మోకాలి లోపలి లిగమెంటు ఏసీఎల్ తెగితే మళ్లీ మైదానంలోకి రావడానికి సుమారు తొమ్మిది నెలలు. అంటే జనవరిలో దెబ్బ తగిలితే కోలుకోవడం సగంలో ఉండగానే మీ ఒప్పందం అయిపోతుంది. ఒప్పందం ముగిశాక కూడా ఆ గాయానికి ఆపరేషన్, ఫిజియో ఖర్చులు ఎవరు భరిస్తారో కాగితం మీద రాయించుకోండి. ఆట శాశ్వతంగా ఆగిపోతే వచ్చే బీమా వేరుగా తీసుకోండి. తీసుకునేటప్పుడు పాత గాయాలన్నీ చెప్పాలి, దాచిపెడితే క్లెయిమ్ పోతుంది.

రెండో ఏడాది పొడిగింపు ఎన్ని మ్యాచ్‌లు ఆడితే వస్తుందో అడగండి. ‘ఆడితే’ అంటే మొదటి పదిహేనులో ఉండటమా, బెంచ్ నుంచి దిగినా చాలా అన్నది తేలాలి. ఫ్రాన్స్‌లో జిఫ్ నిబంధన ఉంది. చిన్న వయసు నుంచీ అక్కడి క్లబ్బుల్లో తయారైన వాళ్లకి జట్టులో తప్పనిసరి వాటా. మిగతావాళ్లు కొద్ది చోట్ల కోసమే పోటీ పడాలి కాబట్టి మీ స్థానంలో జిఫ్ కాని ఆటగాళ్లు ఇంకెందరున్నారో ముందే తెలుసుకోండి. క్లబ్ కింది డివిజన్‌కి పడిపోతే జీతం ఏమవుతుందో కూడా. ఏజెంట్‌కి ఫ్రాన్స్ ఫెడరేషన్ లైసెన్స్ ఉండాలి, అతని రుసుము ఒప్పందం విలువలో పది శాతం దాటకూడదు.

క్లబ్ ఆర్థిక పరిస్థితి మా పని కాదని ఆటగాళ్లు అనుకుంటుంటారు. 2022-23లో ఇంగ్లండ్ ప్రీమియర్‌షిప్ క్లబ్బులు వూస్టర్ వారియర్స్, వాస్ప్స్, లండన్ ఐరిష్ మూడూ చేతులెత్తేశాయి, ఒప్పందాలు చేతిలో ఉన్నవాళ్లే రోడ్డున పడ్డారు. గత సీజన్‌లో జీతాలు ఏ తేదీన పడ్డాయో అక్కడి ఆటగాళ్లనే అడగండి.

ప్రశ్న: మ్యాచ్‌లో తలకి దెబ్బ తగిలింది, పరీక్ష పాసయ్యాను. రాత్రికి తలనొప్పి మొదలైంది. చెప్పాలా?

జవాబు: ఆ రాత్రే జట్టు డాక్టరుకి చెప్పండి. మీరు పాసయింది మొదటి మెట్టు మాత్రమే, మైదానం బయట 12 నిమిషాల్లో చేసేది. మ్యాచ్ ముగిసిన మూడు గంటల్లోపు రెండోది, 36 నుంచి 48 గంటల మధ్య మూడోది ఉంటాయి. లక్షణాలు ఆలస్యంగా బయటపడతాయనే ఈ మూడు మెట్లు. కన్‌కషన్ (దెబ్బకి మెదడు కుదుపుకి గురవడం) తేలితే 2022 జులై నుంచి ఎక్కువమందికి కనీసం 12 రోజులు మ్యాచ్ లేదు. మెట్టుమెట్టుగా శ్రమ పెంచుతూ, లక్షణం తిరిగొస్తే ఒక మెట్టు దిగాలి. వచ్చే శనివారం మ్యాచ్ ఎంత పెద్దదైనా సరే, దాచి ఆడటాన్ని మేం ఏ పరిస్థితిలోనూ సమర్థించం. మానక ముందే రెండో దెబ్బ తగిలితే జరిగే నష్టం చాలా పెద్దది.

ప్రశ్న: ఒక దేశానికి ఆడినవాడు ఇంకో దేశానికి మారగలడా?

జవాబు: 2022 జనవరి నుంచి మారవచ్చు. కానీ ఒక్కసారే. చివరి అంతర్జాతీయ మ్యాచ్ తరవాత మూడేళ్లు ఆగాలి, కొత్త దేశంలో తను గానీ తల్లిదండ్రులు గానీ తాతలు, అమ్మమ్మలు గానీ పుట్టి ఉండాలి. న్యూజిలాండ్‌కి ఆడిన మలకాయ్ ఫెకిటోవా తను పుట్టిన టోంగాకి ఆడింది ఇలాగే. నివాసం మీద మాత్రమే అర్హత అడిగేవాళ్లకి వరసగా అయిదేళ్లు కావాలి.

ప్రశ్న: ప్రోటీన్ పొడి డబ్బా మీద ‘సహజం’ అని రాసుంది. డోప్ పరీక్షకి భయం లేదు కదా?

జవాబు: ఆ మాటకి పరీక్షలో విలువ లేదు. ఒంట్లో ఏం దొరికినా బాధ్యత ఆటగాడిదే, తెలియక తిన్నానన్నా నేరం నేరమే. బ్యాచ్ వారీగా పరీక్షించి ముద్ర వేసినవే కొనండి. డబ్బా మీది బ్యాచ్ నంబరుని ఫొటో తీసుకోండి, డోప్ పరీక్షలో ఏదైనా తేలితే చూపించడానికి చివర్లో రెండు చెంచాల పొడి మిగిల్చి డబ్బా దాచండి.