కాగితం చేతికొచ్చాకే డబ్బు కట్టండి

ప్రశ్న: నమస్కారం సర్. మాది గాజువాక. ప్రైవేటు స్కూల్లో టీచర్‌గా చేసేదాన్ని. మా అత్తగారి ఆపరేషన్‌కి, తర్వాత పిల్లల ఫీజులకి నా క్రెడిట్ కార్డు వాడాను. ఆయన కాంట్రాక్టు పని పోయాక 14 నెలలుగా ఏమీ కట్టలేకపోయాం. వాడుకున్నది 1,10,000 దాకా ఉంటుంది. ఇప్పుడు 1,86,400 అంటున్నారు. కలెక్షన్ అతను రోజుకు పది ఫోన్లు చేస్తున్నాడు. ఇవాళ సాయంత్రంలోగా 90,000 ఇస్తే క్లోజ్ చేసేస్తాడట, లేకపోతే పోలీసులు ఇంటికొస్తారట. సగం తన నంబరుకి ఫోన్‌పే చేసి, మిగతాదానికి రెండు చెక్కులు ఇమ్మంటున్నాడు. అనకాపల్లిలో మా అమ్మకి కూడా ఫోన్ చేశాడు. వాట్సాప్‌లో లీగల్ నోటీసు పంపాడు, ఫొటో జత చేస్తున్నాను. వచ్చే నెల చీటీ డబ్బు 50,000 వస్తుంది. మా చెల్లి 10,000 సర్దుతానంది. ఫోన్ మోగితే పిల్లలే భయపడి కట్ చేసేస్తున్నారు. ఏం చెయ్యమంటారు?

– పేరు వద్దు, గాజువాక

జవాబు: అమ్మా, ముందు పిల్లలకు చెప్పండి, పోలీసులు రారని. కార్డు బాకీ కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం. తప్పుడు కాగితాలు పెట్టి, మోసం చెయ్యాలనే కార్డు తీసుకుంటే ఆ సంగతి వేరు. ఆపరేషన్‌కి వాడుకుని, ఇంట్లో సంపాదన ఆగిపోయి కట్టలేకపోయిన మనిషిని అరెస్టు చేయరు. బ్యాంకు సివిల్ కోర్టుకు వెళ్లొచ్చు, దావా వెయ్యొచ్చు. అప్పుడు సమన్లు వస్తాయి, మనం వెళ్లి జవాబు చెప్పుకుంటాం.

మీరు పంపిన నోటీసు ఫొటో పెద్దది చేసి రెండుసార్లు చదివాను. పైన త్రాసు పట్టుకున్న న్యాయదేవత బొమ్మ, పక్కన ఎర్రరంగులో అర్జెంట్ అన్న ముద్ర. ఏ కోర్టో లేదు, కేసు నంబరు లేదు, లాయరు సంతకం లేదు. మీ ఇంటిపేరు కూడా తప్పు రాశారు. మిమ్మల్ని గాభరా పెట్టడానికి తయారుచేసిన కాగితం అది. అయితే రిజిస్టర్డ్ పోస్టులో లాయరు నోటీసు గానీ కోర్టు కాగితం గానీ వస్తే మాత్రం ఒక్కరోజు కూడా పక్కన పెట్టకండి.

మీ ఉత్తరంలో నన్ను నిజంగా భయపెట్టింది ఆ రెండు చెక్కుల మాట. ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి. ఇప్పటిదాకా ఇది సివిల్ బాకీ. చెక్కు ఇచ్చి, అది బౌన్సయి, నోటీసు వచ్చిన 15 రోజుల్లో కట్టలేకపోతే చెక్కుల చట్టం (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్) సెక్షన్ 138 కింద క్రిమినల్ కేసు పెట్టొచ్చు. అందులో రెండేళ్ల దాకా జైలు గానీ, చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. లేని పోలీసు భయాన్ని మన సంతకంతో మనమే తెచ్చుకున్నట్టవుతుంది.

ఫోన్‌పే కూడా వద్దు. ఎందుకో మా ఇంట్లో జరిగింది చెబుతాను. 2016లో మా బావమరిది ఒక కార్డు బాకీకి 35,000 ఒప్పుకుని, ఆర్టీసీ కాంప్లెక్స్ ఎదురుగా టీ కొట్టు దగ్గర కలెక్షన్ కుర్రాడి చేతికి నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు. తెల్లకాగితం మీద ‘ఫుల్ సెటిల్‌మెంట్’ అని రాసి, కింద ఒక గీత గీసి ఇచ్చాడా కుర్రాడు. మూడేళ్ల తర్వాత ఇంకో ఏజెన్సీ నుంచి ఫోన్. బాకీ మొత్తం అలాగే ఉంది, వడ్డీ కూడా కలిసింది. ఆ తెల్లకాగితం తీసుకుని మేం తిరగని చోటు లేదు. ఆ కుర్రాడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు, బ్యాంకు ఖాతాలో రూపాయి జమ కాలేదు. బ్యాంకులో 31 ఏళ్లు పనిచేసిన నేను ఇంట్లో ఉండి కూడా, సిగ్గుపడి నాతో చెప్పలేదు వాడు. మీరు రాశారు, అది చాలా మంచి పని.

ఇక బాకీ తగ్గించమని బేరమాడే సంగతి. అడగొచ్చా అని మొహమాటపడుతున్నట్టున్నారు. తప్పకుండా అడగొచ్చు. మినిమమ్ డ్యూ, అంటే నెలనెలా కనీసం కట్టాల్సిన సొమ్ము, కట్టకుండా 90 రోజులు దాటితే ఆ ఖాతా బ్యాంకు లెక్కల్లో మొండి బాకీ అయిపోతుంది. నష్టం వస్తుందని వాళ్లు ముందే కొంత పక్కన పెట్టుకుంటారు. 14 నెలలైన బాకీలో ఎంతోకొంత చేతికొస్తే వాళ్లకీ మేలే. పైగా ఈ కార్డుల మీద వడ్డీ చూడండి. చాలావాటికి నెలకు నూటికి మూడున్నర రూపాయలకు తక్కువ ఉండదు, ఏడాదికి 42 శాతం పైమాటే. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ఇంకా లేట్ ఫీజులు. మీ 1,86,400లో 76,400 ఇలా పెరిగిందే. అందుకే మొదట బ్యాంకుని స్టేట్‌మెంట్లు అడిగి, కొన్నదెంత, వడ్డీ ఎంత, ఫీజులెంత అని ఒక కాగితం మీద విడగొట్టుకోండి. 2022లో ఆర్‌బీఐ ఇచ్చిన కార్డు నిబంధనల ప్రకారం, కట్టని ఫీజుల్నీ పన్నుల్నీ అసలులో కలిపి వాటి మీద మళ్లీ వడ్డీ వెయ్యకూడదు. అలా వేసినట్టు కనిపిస్తే బేరంలో ఆ మాట ఎత్తండి.

మీ చేతికి వచ్చేది 60,000. అందులో ఇంటి ఖర్చుకి, జబ్బుకీ జ్వరానికీ కనీసం 5,000 ఉంచుకోండి. అంటే మీ హద్దు 55,000. ఈ అంకె ఎవరికీ చెప్పకండి, మీ చెల్లికి తప్ప. 40,000 దగ్గర మొదలుపెట్టండి. ‘మావారికి పని పోయింది, నాకూ ఉద్యోగం లేదు, ఇది చీటీ డబ్బు, చెల్లి సర్దిన డబ్బు’ అని నిజమే చెప్పండి. ఆపరేషన్ బిల్లు, ఆయన పని ఆగిపోయినట్టు కాగితం ఉంటే జత చెయ్యండి. ఇదంతా ఫోన్లో కాకుండా బ్యాంకు ఫిర్యాదుల విభాగానికి ఈమెయిల్‌లో రాయండి. ‘ఇవాళ సాయంత్రం దాటితే ఆఫర్ పోతుంది’ అన్న మాట నేను సర్వీసులో ఉండగా చాలాసార్లు విన్నాను. పోయిన ఆఫర్ నెలాఖరుకో, మార్చి, సెప్టెంబరు లెక్కలు దగ్గరపడినప్పుడో మళ్లీ వచ్చేది. ఒప్పుకోవాలన్న నియమం బ్యాంకుకి లేదు, అది కూడా గుర్తుంచుకోండి. 55,000కి ఒప్పుకోకపోతే ‘సరే, నా దగ్గర ఉన్నప్పుడు మళ్లీ అడుగుతాను’ అని ఆగండి. తాళిబొట్టు గొలుసు తాకట్టు పెట్టి మాత్రం కట్టకండి.

ఈలోపు ‘మీ మంచితనానికి ఒక రెండు వేలు కట్టండి’ అని అడుగుతారు. అలా వెయ్యి, రెండు వేలు విదిలిస్తే అవి ఫీజులకీ వడ్డీకీ పోతాయి, అసలు అక్కడే ఉంటుంది. చీటీ డబ్బు కార్డు ఇచ్చిన బ్యాంకు ఖాతాలో వేసుకోవద్దు. ఖాతాలో ఉన్నది బాకీకి సర్దుకునే హక్కు సాధారణంగా కార్డు ఒప్పందంలో రాసి ఉంటుంది. మాట కుదరకముందే తీసేసుకుంటే బేరమాడడానికి మీ చేతిలో ఏమీ మిగలదు.

మాట కుదిరితే బ్యాంకు లెటర్‌హెడ్ మీద సెటిల్‌మెంట్ ఉత్తరం రావాలి. బ్యాంకు సొంత ఈమెయిల్ నుంచే రావాలి, ఏజెంటు వాట్సాప్ నుంచి కాదు. అందులో మీ పేరు, కార్డు చివరి నాలుగు అంకెలు, మొత్తం బాకీ, ఒప్పుకున్న సొమ్ము, ఏ తేదీలోగా కట్టాలో ఉండాలి. అది కట్టాక ఇంకేమీ బాకీ లేదన్న మాట స్పష్టంగా ఉండాలి. దాన్ని పట్టుకుని బ్యాంకు శాఖకు వెళ్లో, కస్టమర్ కేర్‌కి మీరే ఫోన్ చేసో నిజమైనదేనని తేల్చుకోండి. అప్పుడు నేరుగా కార్డు ఖాతాలోనే కట్టండి. చెప్పిన తేదీ ఒక్కరోజు దాటినా ఒప్పందం రద్దంటారు, అందుకే రెండు రోజుల ముందే కట్టెయ్యండి. ఆ తర్వాత నో డ్యూస్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. రసీదు, ఉత్తరం, సర్టిఫికెట్ మూడూ ఇంటి పట్టా కాగితాలతో పాటు దాచండి.

మీ అమ్మగారికి ఫోన్ చేయడం చదివి నాకు కోపం వచ్చింది. 2022 ఆగస్టు 12న ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్లో ఉంది, రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చెయ్యకూడదు, బెదిరించకూడదు, బాకీదారు ఇంట్లోవాళ్ల, స్నేహితుల జోలికి పోకూడదు. ఏజెన్సీ చేసినదానికి బ్యాంకుదే బాధ్యత. ఫోన్ వచ్చిన తేదీ, టైము, నంబరు, అన్న మాట ఒక నోటుబుక్కులో రాస్తూ ఉండండి. అనకాపల్లి ఫోన్ కూడా రాయండి. వాటితో బ్యాంకుకి ఫిర్యాదు చెయ్యండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి, రాయొచ్చు. రూపాయి ఖర్చుండదు, వివరాలకి 14448కి ఫోన్ చెయ్యండి. ఎవరైనా ఇంటికొస్తే ఐడీ కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం అడగండి. చూపించకపోతే గుమ్మం దాటనివ్వకండి. గొడవకి దిగితే 112.

ఇంకో దారి లోక్ అదాలత్, అంటే రాజీతో తగాదాలు తేల్చే వేదిక. విశాఖ కోర్టుల ప్రాంగణంలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, 15100కి ఫోన్ చేసినా చెబుతారు. రెండు పక్షాలూ ఒప్పుకుంటే అక్కడ రాసుకున్నది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. లోక్ అదాలత్ నుంచి నోటీసు వస్తే వారంట్ అనుకుని వణికిపోకండి, వెళ్లి కూర్చుని మాట్లాడండి. ఏజెంటు ఎదురుగా మాట్లాడడం కంటే అక్కడ చాలా ధైర్యంగా ఉంటుంది.

ప్రశ్న: సెటిల్‌మెంట్ చేసుకుంటే సిబిల్ పాడవుతుందంటున్నారు. రెండేళ్లలో హౌసింగ్ లోన్ పెట్టాలనుకుంటున్నాను. నాకు జీతం వస్తోంది, కార్డు బాకీ 48,000.

– ఎంవీపీ కాలనీ

జవాబు: మీరు సెటిల్‌మెంట్ జోలికి పోకండి. తగ్గించి కడితే సిబిల్ రిపోర్టులో, అంటే మన అప్పుల చరిత్ర చూపే కాగితంలో, ‘సెటిల్డ్’ అని పడుతుంది, అది ఏళ్ల తరబడి కనిపిస్తుంది. లోన్ ఇచ్చే మేనేజరు కన్ను ముందు దాని మీదే పడుతుంది. బాకీ మొత్తాన్ని తక్కువ వడ్డీకి ఈఎంఐలుగా మార్చమని బ్యాంకుకి రాయండి, లేదా నిబంధనలు ఒప్పుకుంటే పీఎఫ్‌లోంచో, బంగారం మీదో తీసి ఒకేసారి తీర్చండి. అప్పుడు ‘క్లోజ్డ్’ అని వస్తుంది. తీర్చాక రెండు నెలలు ఆగి రిపోర్టు తీసి చూడండి, ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇస్తారు. తప్పుగా ఉంటే నో డ్యూస్ సర్టిఫికెట్ జత చేసి సరిచేయమని అడగండి.

గాజువాక అమ్మాయికి ఒక మాట: ఈమెయిల్ రాసి పంపేముందు నాకు చూపించండి, చదివి పంపిస్తాను.