ఆదాయం పడిపోతే పిల్లల పెంపకం మారుతుందా?

కచ్చితంగా మారుతుంది. 1930ల మహా మాంద్యం కాలంలో అమెరికాలోని ఓక్‌లాండ్, బర్క్‌లీ పిల్లల గురించి సేకరించిన వివరాలను సామాజిక శాస్త్రవేత్త గ్లెన్ ఎల్డర్ తర్వాత పరిశీలించారు. రాబడి బాగా తగ్గిన ఇళ్లలో మగపిల్లలు బయట చిన్నాచితకా పనులకు వెళ్లారు, ఆడపిల్లల మీద ఇంటిపని పడింది, తల్లి మాటకు విలువ పెరిగింది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది తండ్రుల్లో వచ్చిన మార్పు. డబ్బు టెన్షన్‌తో చీటికీమాటికీ చిరాకుపడేవారు. నిన్న పట్టించుకోని తప్పుకే ఇవాళ విరుచుకుపడేవారు. పిల్లలకు ఏది తప్పో అర్థమయ్యేది కాదు. అందుకే, ఉపాధి పోయిన కుటుంబానికి చేసే సాయం పిల్లల సంక్షేమం కిందికే వస్తుందని నా గట్టి నమ్మకం. అయితే భార్యాభర్తల మధ్య ముందునుంచీ సఖ్యత ఉన్న ఇళ్లలో ఈ దెబ్బ పిల్లలకు అంతగా తగల్లేదు.